మూడు చుక్కల సవరణ

నలభై ఒకటో పేజీ దగ్గర ప్రసన్నకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పటిదాకా బాగానే చదివింది. పొద్దున కొరియర్ అతను తెచ్చి ఇచ్చిన పుస్తకం అది. నున్నటి కాగితం, గట్టి అట్ట, అట్ట మీద పత్రిక పెట్టిన చిన్నబ్బగారి ఫోటో. 'తెరవారం: ఒక టీవీ పత్రిక చరిత్ర' అని పేరు. రాసినది ఆయన కొడుకు మునిప్రసాద్. లోపల ఒక ఆహ్వానం: ఆదివారం సాయంత్రం నాలుగింటికి తిరుపతిలో ఆవిష్కరణ, తప్పక రాగలరు. తెరవారంలో ఇరవై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషికి అలాంటి పుస్తకం చేతిలో పడితే ఇంకేం కావాలి? రేణిగుంటలో తన ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పొయ్యి మీద చారు సంగతి కూడా మరిచిపోయి చదవడం మొదలుపెట్టింది. పెళ్ళి పత్రికలూ క్యాలెండర్లూ అచ్చు వేసుకునే చిన్నబ్బగారికి, కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, ఏ చానల్లో ఏ రోజు ఏ గంటకు ఏ సినిమా వస్తుందో వారానికోసారి పుస్తకంగా వేయాలని బుద్ధి పుట్టడం, 1997లో మొదటి సంచిక, తెలుగు చానళ్ళతో పాటు తమిళ చానళ్ళకూ చోటివ్వడం, అన్నీ రాశాడు. అన్నీ నిజమే.

నలభై ఒకటో పేజీలో మాత్రం ఇలా ఉంది:

'తెరవారంలో చాలా సినిమాల పేర్ల పక్కన ఒకటో రెండో మూడో నల్ల చుక్కలు కనిపిస్తాయి. నాన్నగారు ప్రతి మంగళవారం ఒక్కరే కూర్చుని, వచ్చే వారం సినిమాలన్నిటినీ బేరీజు వేసి, నాణ్యతను బట్టి ఈ చుక్కలు ఇచ్చేవారు. మూడు చుక్కలు పడితే అది ఉత్తమ చిత్రమని పాఠకులకు గురి. పత్రిక విజయానికి ఈ చుక్కలే కారణం.'

చివరి వాక్యం ఒక్కటే నిజం. తక్కినదంతా పచ్చి అబద్ధం.

ఆమె గబగబా ఆఖరి పేజీకి వెళ్ళింది. కృతజ్ఞతల్లో కాగితం సరఫరా చేసిన వాళ్ళ పేరుంది, అట్ట మీద బొమ్మ దిద్దిన వాళ్ళ పేరుంది, మునిప్రసాద్ బావమరిది పేరు కూడా ఉంది. అన్నిటికంటే కింద, 'పాత సంచికలు అందించిన ఆఫీసు సిబ్బందికి' అని ఒక ముక్క. సిబ్బందట! ఆ సిబ్బందికి ఒక పేరుందని, ఆ పేరు ఆరక్షరాలే పడుతుందని, రాసినవాడికి తోచలేదు. లోపల చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె లేవలేదు.

ఆ చుక్కల కథ ఏమిటో చెప్పాలి.

మొదటి మూడు నెలలు తెరవారాన్ని ఎవరూ కొనలేదు. శుక్రవారం బస్సుల్లో వెళ్ళిన కట్టలు వెళ్ళినట్టే తిరిగి వచ్చేవి. చిన్నబ్బగారు తల పట్టుకుని కూర్చున్నారు. ప్రూఫులు దిద్దడానికి కొత్తగా చేరిన ప్రసన్నకుమారి, పాకాల బస్టాండులో పత్రికలమ్మే చెంగయ్యను నిలబెట్టి అడిగింది, మా పుస్తకం ఎందుకు పోవడం లేదని.

"ఏం జేసుకోవల్లమ్మా దీన్ని?" అన్నాడు చెంగయ్య. "తొమ్మిదిన్నరకు సినిమా అని నువ్వు రాస్తావు. తొమ్మిదింటికే మా ఊళ్ళో కరెంటు పోతాది. సినిమా ఎప్పుడొస్తాదో మాకెందుకు? కరెంటు ఎప్పుడుంటాదో రాయి, ఎగబడి కొంటారు."

విని నవ్వి ఊరుకునే మనిషి కాదు ప్రసన్నకుమారి. మర్నాడే బస్సెక్కి ఆ దారిలో ఉన్న సబ్‌స్టేషనుకు వెళ్ళింది. అక్కడ లైన్‌మన్ గంగాధరం ఒక్కడే ఉన్నాడు. పల్లెలను 'ఏ' గ్రూపు, 'బీ' గ్రూపు అని విడదీసి వంతులవారీగా కోత పెడుతున్న రోజులవి. వంతుల కాగితం వారం ముందే వాళ్ళకు వస్తుంది కానీ బయటికి చెప్పకూడదు. చెప్తే ఉద్యోగానికే ముప్పు. ఆమె అడిగింది విని గంగాధరం లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. తరువాత సొరుగు లాగి కాగితం తీశాడు.

"మా ఇంట్లోది దినామూ ఇదే అడగతాదమ్మా నన్ను. సినిమా మధ్యలో తీసేస్తారా, మీకు పుణ్యమెట్ల వస్తాదని," అన్నాడు. "రాసుకో. కానీ నా పేరు యాడా రాకూడదు. కరెంటనే మాట మీ పుస్తకంలో పడకూడదు."

చుక్కలు ఆమెకు తట్టింది అప్పుడే. ఒక చుక్క ఉంటే ఆ వేళకు 'ఏ' గ్రూపు ఊళ్ళలో కరెంటు ఉండదు. రెండుంటే 'బీ' గ్రూపు ఊళ్ళలో ఉండదు. మూడుంటే రెండింటిలోనూ ఉండదు, ఆ సినిమా మీద ఆశ వదులుకుని పెందలాడే పడుకోవచ్చు. ఈ అర్థం పత్రికలో ఒక్కసారి కూడా అచ్చు కాలేదు. చెంగయ్యలాంటి ఏజెంట్లు పుస్తకం చేతిలో పెడుతూ చెవిలో చెప్పేవాళ్ళు, కొన్నవాళ్ళు పక్కింటి వాళ్ళకు చెప్పేవాళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి పుత్తూరు నుంచి పలమనేరు దాకా తెరవారం వేలాడని టీ కొట్టు లేదు.

ప్రతి మంగళవారం ఎనిమిదింటి బస్సుకు ఆమె వెళ్ళేది. ఎండైనా వానైనా, కడుపులో బిడ్డ ఉన్నప్పుడైనా. కాగితం చూసి రాసుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. తొలి ఏళ్ళలో కంపోజింగులో చుక్క సరిగ్గా కుదరక, అగ్గిపుల్ల తల నల్ల ఇంకులో ముంచి, అచ్చుకు పోయే కాగితం మీద ఒక్కొక్క చుక్కా తన చేత్తో అద్దేది. ఒక్కరే కూర్చుని బేరీజు వేసిన నాన్నగారు ఆ వేళకు భోంచేసి ఇంట్లో కునుకు తీసేవారు. పాపం ఆయన మంచివాడే, కాదనడానికి లేదు. ఒకసారి ఆమె తన పేరు వేయమని నోరు తెరిచి అడిగితే ఆయన చెప్పినదీ సబబుగానే ఉంది.

"ఇప్పుడు నీ పేరేస్తే, ఈయమ్మ మంగళవారం మంగళవారం యాడికి పోతా ఉండాదని ఎవురో ఒకరు ఎనకబడి సూస్తారు. గంగాధరం కొలువు ఊడతాది. ఈ కోతలు పోయి, ఆయప్ప రిటైరు కానీ. మీ ఇద్దరి పేర్లూ పెద్దచ్చరాల్తో నేనే ఏస్తా."

కోతలు పోయాయి. గంగాధరం రిటైరయ్యాడు. పేర్లు వేయకముందే చిన్నబ్బగారు పోయారు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక 2018లో పత్రికా ఆగిపోయింది. ఇచ్చిన మాట చెల్లడానికి ఈ పుస్తకం ఒక్కటే మిగిలింది. దాన్ని ఐదు వందల కాపీలు వేసి, లైబ్రరీలకు పంచి, ఆ మాటను శాశ్వతంగా పాతిపెట్టబోతున్నారు.

అసలు ఆ పుస్తకం రాయడానికి మునిప్రసాద్ దగ్గర పాత సంచిక ఒక్కటి కూడా లేదు. ఆఫీసు మూసిననాడే అన్నీ పాత పేపర్ల వాడికి వేసేశారు. ఉన్న ఒక్క సెట్టు ప్రసన్నకుమారిది. ఏడాదికొక బైండు, ఇరవై ఒక్క బైండ్లు, తనే కుట్టి, కాలికో గుడ్డ అతికించి, బైబిళ్ళు పెట్టుకునే బీరువాలో కింది అర నిండా దాచుకుంది. పోయిన ఏడాది మునిప్రసాద్ కారేసుకుని వచ్చి, ఆంటీ ఆంటీ అంటూ కాఫీ తాగి, ఆ ఇరవై ఒకటీ తీసుకెళ్ళాడు. "చుక్కల సంగతి చెప్తా కూర్చో నాయనా," అని ఆమె అంటే, "అది నాకు తెలుసాంటీ, నాన్న చెప్పినారు," అని ఫోను చూసుకుంటూ లేచాడు. తెలుసంటే తెలుసు కాబోలు అనుకుంది. అంత అమాయకురాలు.

ఆమె గంగాధరానికి ఫోను చేసింది. ఆయన పాకాలలోనే కూతురి ఇంట్లో ఉంటున్నాడు. పేజీ చదివి వినిపిస్తే మొదట పడీపడీ నవ్వాడు.

"మూడు సుక్కలంటే ఉత్తమ చిత్రమా! అబ్బా, అట్లయితే ఎండాకాలమంతా ఉత్తమ చిత్రాలే గదమ్మా మనకు!"

"నవ్వద్దన్నా. నాకు ఒళ్ళు మండిపోతా ఉండాది."

నవ్వు ఆగింది. "పోనీలేమ్మా. చిన్నబ్బన్న కొడుకు. తెలీక రాసినాడు."

"ఏం పోనీ? పదిహేడేండ్లు నువ్వు కొలువు పణంగా పెట్టి కాగితం చూపించినావు. ఒక రూపాయి ముట్టలేదు, ఒక టీ తాగలేదు నా చేత. రేపు ఎవరైనా ఈ పుస్తకం చదివితే నువ్వూ నేనూ పుట్టనే లేదు. ఒకటే అడుగుతా, చెప్పు. నీ పేరు నేను బయటికి చెప్పొచ్చా? నీకేమన్నా ఇబ్బందా?"

"ఇంగేం పీకుతారు నన్ను, మా ఇంటి కరెంటా?" అన్నాడు గంగాధరం. తరువాత గొంతు తగ్గించి, "చెప్పుమ్మా. నా పేరు అచ్చులో నేనెప్పుడూ సూసుకోలేదు," అన్నాడు.

శనివారం పొద్దున ఆమె తిరుపతిలో మునిప్రసాద్ ఆఫీసుకు వెళ్ళింది. ఇప్పుడతనిది ఫ్లెక్సీల వ్యాపారం. ఏసీ గది, అద్దాల తలుపు. లోపలికి అడుగు పెట్టగానే ఆమె చూసింది తన బైండ్లను. బైండ్లు కావు, వాటి శవాలు. స్కానింగు మిషన్లో కాగితాలు విడివిడిగా పెట్టాలని కుట్టు కోసేశారు. కాలికో అట్టలు ఒక మూల, విడి కాగితాలు ఇంకో మూల, ప్లాస్టిక్ తాడుతో కట్టి పడేసి ఉన్నాయి. పై కట్ట మీద ఎవరో తాగి పెట్టిన టీ గ్లాసు, దాని చుట్టూ గుండ్రటి మరక.

"బైండింగు మళ్ళీ చేయిస్తానాంటీ," అన్నాడు మునిప్రసాద్, ఆమె చూపు ఎటుందో గమనించి.

ఆమె ఆ సంగతి తరువాత చూద్దామని, నలభై ఒకటో పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. చుక్కల కథంతా చెప్పింది. అతను వింటూ ఎర్రబడ్డాడు.

"నాన్న నాకు చెప్పిందే రాసినానాంటీ. చిన్నప్పుడు ఈ చుక్కలేంది నాయనా అని అడిగితే, మంచి సినిమాలకు పెడతారు రా అన్నారు."

ఆమెకు చప్పున అర్థమైంది. పదేళ్ళప్పుడు ఈ మునిప్రసాద్ ఎంత వాగుడుకాయో ఆమెకు గుర్తుంది. ఇంట్లో మాట వీధిలో, వీధిలో మాట బడిలో చెప్పే రకం. వాడి నోటికి భయపడి, గంగాధరం ఉద్యోగం కాపాడడానికి, చిన్నబ్బగారు అబద్ధం చెప్పారు. అది తెలిసి కోపం చల్లారాలి. చల్లారకపోగా రెండింతలైంది.

"పదేండ్ల పిల్లోడి నోరు మూయించడానికి చెప్పిన మాట అది. నీకిప్పుడు నలభై దగ్గర పడింది. మీ ఇంట్లో జనరేటరు ఉండె, నీకు కోతంటే ఏందో తెలీదు. సరే, అది నీ తప్పు కాదు. చరిత్ర రాస్తా ఉండానని మా ఇంటికొచ్చి, నా కాఫీ తాగి, నా పుస్తకాలు ఎత్తకపోయి, చెప్తా కూర్చోమంటే కూర్చోకుండా పోయినావే, అది ఎవరి తప్పు?"

"ఇప్పుడేం చేయమంటారాంటీ?"

"సవరణ."

ఆ మాట వెనకా ఒక చరిత్ర ఉంది. ఒక వారం ప్రసన్నకుమారి పొరపాటున 'ఏ' గ్రూపు చుక్కలు 'బీ' గ్రూపుకు, 'బీ' గ్రూపువి 'ఏ' గ్రూపుకు పెట్టేసింది. సోమవారం పొద్దున్నే అలివేలమ్మ అనే ఆమె వెంట పదకొండు మంది ఆడవాళ్ళు మొదటి బస్సుకు వచ్చి ఆఫీసు మీద పడ్డారు. తమ గ్రూపు చుక్క కాదు కదా అని ఊరంతా ఒక్క ఇంట్లో చేరి సినిమా చూస్తుంటే, పెళ్ళి పీటల మీద తాళి కట్టబోతుండగా కరెంటు పోయిందట. "కట్టినాడా ల్యాదా, అది చెప్పందే కదిలేది ల్యా," అని అలివేలమ్మ నేల మీద చతికిలబడింది. ప్రసన్నకుమారి ఆ తరువాతి కథంతా, పాటలతో సహా, వాళ్ళకు చెప్పి పంపించాల్సి వచ్చింది. ఆ రోజు చిన్నబ్బగారు ఒక నియమం పెట్టారు. తప్పు ఏ పేజీలో, ఎంత అక్షరంలో పడిందో, సవరణ కూడా అదే పేజీలో, అంతే అక్షరంలో పడాలి. మూల ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే అది సవరణ కాదు, మోసం అన్నారాయన. పత్రిక ఆగిపోయేదాకా ఆ నియమం తప్పలేదు.

"నలభై ఒకటో పేజీలో, అంతే అక్షరంలో," అంది ప్రసన్నకుమారి. "మీ నాయన పెట్టిందే."

మునిప్రసాద్ నుదురు రుద్దుకున్నాడు. "పుస్తకాలన్నీ అయిపోయినాయాంటీ. ఇప్పుడు చీటీ అంటిస్తే అసహ్యంగా ఉంటాది. రెండో ముద్రణలో చూస్తాంలే. రేపు మీకు స్టేజీ మీద శాలువా కప్పుతాం, సరేనా?"

శాలువా! ఆమె లేచి నిలబడింది. కట్ట మీది టీ గ్లాసు తీసి అతని బల్ల మీద పెట్టి, బయటికి వచ్చేసింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా తిరుపతికి వెళ్ళింది. పాకాల నుంచి గంగాధరం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, హాలు మెట్ల దగ్గర ఆమె కోసం నిలబడి ఉన్నాడు. ఒక హోటలు మేడ మీది హాలది. కుర్చీలు నింపాలి కాబట్టి మునిప్రసాద్ పాత ఏజెంట్లందరినీ పిలిచాడు. చెంగయ్య నెరిసిన మీసాలతో మూడో వరసలో కూర్చున్నాడు. కూర్చున్న ప్రతి మనిషికీ తలా ఒక పుస్తకం ఇచ్చారు.

ముఖ్య అతిథి ఒక రిటైరైన కాలేజీ ప్రిన్సిపాలు. గొంతు మంచిది. పుస్తకం విప్పి నలభై ఒకటో పేజీ దగ్గరే ఆగాడు.

"ఈ చుక్కలు చూడండి. ఒక మామూలు వ్యాపారి, ఏ డిగ్రీ లేని మనిషి, ఎంత గొప్ప విమర్శకుడో చూడండి. పక్క పేజీలో పాత సంచిక ఫోటో వేశారు. 2002 మే నెల. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు భక్తి చిత్రం, మూడు చుక్కలు! ఆదివారం మధ్యాహ్నం ఫైటింగుల సినిమా, దానికి ఒక్క చుక్క కూడా లేదు. ఏమి అభిరుచి! ఈ చుక్కలే లేకపోతే చిత్తూరు జిల్లా ప్రేక్షకుడికి మంచీచెడూ ఎవరు చెప్పేవారు?"

హాల్లో ఎక్కడో కిసుక్కుమన్న చప్పుడు. ఇంకో మూల ఇంకొకటి. ఏజెంట్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చెంగయ్య ఇక ఉండబట్టలేక లేచాడు.

"సామీ, మన్నించల్ల. ఆ బక్తి సినిమాను జిల్లాలో ఒక్క పల్లెలో కూడా ఎవురూ సూళ్ళేదు."

"అదేమి? మూడు చుక్కలు కదా!"

"అందుకే సూళ్ళేదు సామీ. మూడు సుక్కలంటే రెండు గ్రూపులకూ కరెంటు ల్యా."

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, చుక్కలు తనకు ద్రోహం చేసినట్టు. మునిప్రసాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గబుక్కున మైకు అందుకుని, "మన పాత ఉద్యోగిని ప్రసన్నకుమారిగారిని సత్కరించుకుందాం," అన్నాడు. ఎవరో శాలువా విప్పారు.

ఆమె మెట్లెక్కింది. శాలువా పట్టుకుని ముందుకొచ్చిన చేతులను పక్కకు జరిపి, మైకు దగ్గరికి వెళ్ళింది. నవ్వులు ఇంకా ఆగలేదు. ఆమెకు నవ్వు రాలేదు. జనం నవ్వి ఇంటికి వెళ్ళిపోతే పుస్తకం మాత్రం అలాగే ఉంటుంది. పదేళ్ళ తరువాత లైబ్రరీలో దాన్ని తీసేవాడికి ఈ నవ్వు వినిపించదు.

"అందరూ పుస్తకాలు తీయండి," అంది. "నలభై ఒకటో పేజీ. పెన్నులు కూడా తీయండి. లేనోళ్ళు పక్కనోళ్ళ దగ్గర అడగండి. తెరవారంలో తప్పు పడితే సవరణ వేయకుండా మేము ఒక్క వారం కూడా దాటలేదు. ఇది ఆఖరి సవరణ. నేను చెప్తా, మీరు మార్జిన్లో రాసుకోండి."

జేబులు తడుముకునే చప్పుడు. చెంగయ్య చొక్కా జేబులోంచి పెన్ను తీసి నోటితో మూత లాగాడు. ప్రిన్సిపాలు కూడా, పాఠం తప్పు చెప్పానని తెలిసిన అయ్యవారిలా, పెన్ను తీశాడు.

"సవరణ," అంది ఆమె, ఇరవై ఒక్క ఏళ్ళు ప్రూఫులు చదివి వినిపించిన గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి. "పై చుక్కలు సినిమా నాణ్యతకు గుర్తు కాదు. కరెంటు కోతకు గుర్తు. కామా లేదు, ఫుల్‌స్టాపు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, పదిహేడేండ్లు ఆ వేళలు చెప్పినవారు లైన్‌మన్ గంగాధరం."

ఆఖరి వరసలో గంగాధరం తన పుస్తకం మీదికి వంగిపోయి ఉన్నాడు. తన పేరు తనే రాసుకుంటున్నాడు. చేయి కదలడం కంటే భుజాలు కదలడం ఎక్కువగా కనిపిస్తోంది.

"ఆ చుక్కలు పెట్టినవారు," అని ఆమె మొదలుపెట్టి, ఆగింది.

పక్కకు చూసింది. మునిప్రసాద్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని పుస్తకం బల్ల మీద మూసే ఉంది.

"నువ్వు కూడా రాసుకో నాయనా," అంది మైకులో.

అతను ఇబ్బందిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. హాలంతా పెన్నులు పైకెత్తి అతని వైపే చూస్తోంది. అతను పుస్తకం విప్పి, పేజీ వెతికి, జేబులోంచి పెన్ను తీసేదాకా ఆమె తరువాతి మాట చెప్పలేదు.